కిటికీ పక్క మంచం

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం దేనికంటే, పిల్ల పడుకుందని అందరూ గొంతు తగ్గించి, గాజుల చప్పుడు కూడా కాకుండా మెసులుతూ సంబరపడుతుంటే, అది నిద్ర కాకపోవడం.

మిగతా భయాలు నాకు చాలా ఉన్నాయి. మా ఆయన డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైతే భయం. మా అత్తమ్మ గొంతు సవరించుకుంటే భయం. అవన్నీ వచ్చి పోయేవి. ఇది మాత్రం మా రిషికి మొదటిసారి ఫిట్స్ వచ్చిన రోజు నుంచి నన్ను వదల్లేదు. వాడు ఏడుస్తుంటే నాకు ధైర్యం. ఊరుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను.

పోయిన వారం చదివినవాళ్లకు మా సంగతి గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. నా పేరు రమ. చంద్రపూర్‌లో లాల్‌పేట్ కోలరీ క్వార్టర్ల లైన్లలో ఉంటాం. మా ఆయన ప్రశాంత్ గనిలో డంపరు నడుపుతాడు. జ్వరంతో పాటు రిషికి ఫిట్స్ వస్తే ట్రస్టు దవాఖానలో చేర్పించాం. పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. తెల్లారి ఊడ్చడానికి వచ్చిన ఆయా, ఇక్కడ అందరూ మావశి అనే పిలుస్తారు, మాటల మధ్య మా అత్తమ్మ మల్లవ్వ చెవిన ఒక మాట వేసి పోయింది. ఆ మంచం మీద మొన్ననే ఒక పసిపిల్ల పోయిందని.

ఇక అత్తమ్మ ఆగుతుందా? పక్కన గోడ వైపు మంచం మీద గోండ్‌పిప్రి దిక్కు నుంచి వచ్చిన స్వరూప ఉంది. ఆమె బిడ్డ ఆరోహి నిమ్ము చేసి చేరింది, తగ్గింది, ఆ రోజే ఇంటికి పోతుంది. అత్తమ్మ గొంతులో తేనె పోసుకుని అడిగింది. "కిటికీ గాలికి మా పిల్లగాడు ఆగుతలేడు బిడ్డా. మీరెట్లాగూ పోయేటోళ్లే గదా, జర మంచం మార్చుకుందామా?" స్వరూప "దానికేందవ్వా" అని నవ్వి, తన చేతులతోనే మా దుప్పటి తెచ్చి గోడ మంచం మీద పరిచింది. తన బిడ్డను తీసుకుపోయి కిటికీ మంచం మీద పడుకోబెట్టుకుంది.

అసలు సంగతి నాకు తెలుసు. నోరు విప్పలేదు. పోయిన భాగం అక్కడ ఆగింది.

ఇప్పుడు ఆ తర్వాత జరిగింది చెబుతాను. మేం మంచాలైతే మార్చుకున్నాం గానీ, మంచాల కాళ్ల దగ్గర కట్టిన కాగితాల అట్టలు మార్చలేదు. మాకా ఆలోచనే రాలేదు. సున్నాలు వేసినప్పుడు గోడల మీది నంబర్లు పోయాయట, ఈ వార్డులో ఏ మంచం ఎవరిదన్నది ఆ అట్టే చెబుతుంది. మేం ఇంట్లో చాపలు మార్చుకున్నట్టు మార్చుకున్నాం.

ఆ పూట వార్డులో వైశాలి సిస్టర్ డ్యూటీ. ఆమె వెనక దివ్య. దివ్యది రాజురా దగ్గర పల్లె, మన తెలుగువాళ్లే, నర్సింగు ఆఖరి సెమిస్టరు. ఆఖరి సెమిస్టరులో ఈ పిల్లలను మునుపటిలా గుంపుగా పంపరు. ఒక్కో అమ్మాయిని ఒక్కో సీనియర్ సిస్టరుకు అప్పగిస్తారు. ఆమె డ్యూటీయే ఈమె డ్యూటీ, ఆమె ఏ మంచం దగ్గరికి పోతే ఈమె ఆ మంచం దగ్గరికే. ఇక ఈ పిల్లను ఒంటరిగా వదలొచ్చు అని ఆ సీనియరు తన నోటితో చెప్పాలి. అప్పుడే చదువు గట్టెక్కుతుంది. వార్డులో తల్లులు దివ్యను పేరుతో పిలవరు. "వైశాలి సిస్టర్ నీడ వచ్చింది" అంటారు. "నీడకు గూడ తెల్ల గౌను కుట్టించిండ్రు" అని పొద్దున ఒక తల్లి అంటే దివ్య కూడా పకపకా నవ్వింది.

నేనూ నర్సు కావాలనుకున్నదాన్నే. పన్నెండో తరగతి సగంలో పెళ్లయింది. ఆ గౌను మీద పెన్ను పెట్టుకునే చిన్న జేబు ఉంటుంది చూశారా, నా కళ్లు ఊరికే దాని మీదికే పోతాయి.

రిషిని చేర్పించిన రోజు దివ్య లేదు. కాలేజీలో పరీక్షలుండి స్వరూప వాళ్లు చేరకముందే పోయింది. ఈ రోజే వచ్చింది. మమ్మల్నీ వాళ్లనీ ఇంకా సరిగ్గా ఎరుగదు. నేను రిషిని ఎత్తుకుని వరండాలో ఎండకు పోతుంటే, మందుల బల్ల దగ్గర వాళ్ల మాటలు నా చెవిన పడ్డాయి. వైశాలి సిస్టర్ది వరోరా వైపు. తెలుగు అర్థం చేసుకుంటుంది, మాట్లాడేది మరాఠీయే. నేను మీకు తెలుగులో చెబుతున్నాను.

"ఈ రోజు మందులు నువ్వే ఇవ్వు. నేను గుమ్మం దగ్గర నిలబడతాను. చెయ్యి పెట్టను, నోరు పెట్టను," అంది సిస్టర్.

దివ్య ముఖం వెలిగిపోయింది. "నిజమా సిస్టర్?"

"ముందేం చూస్తావు?"

"బాళను." మరాఠీలో పసిపిల్లను అలాగే అంటారు.

"మంచాన్ని?"

"చూడను సిస్టర్. మంచానికి జబ్బు రాదు."

"తల్లిని ఏమడుగుతావు?"

"పిల్ల పేరు. తర్వాత చేతికున్న పేరు."

రోజూ అప్పజెప్పించుకునే పాఠం కాబోలు, ఇద్దరూ ఒకే రాగంలో అన్నారు. నేను నవ్వుకుంటూ వరండాలోకి పోయాను. కాసేపటికి కింద నుంచి ఎవరో పరుగెత్తుకొచ్చి, ఒళ్లు కాలిన పిల్లను తెచ్చారని వైశాలి సిస్టర్‌ను పిలుచుకుపోవడం చూశాను. గుమ్మం ఖాళీ అయింది. అప్పుడు నాకు అందులో ఏమీ కనిపించలేదు.

రిషితో లోపలికి వచ్చేసరికి స్వరూప మూట కట్టుకుంటోంది.

"అక్కా, చుట్టీ అయింది! కాగితాలు చేతికొచ్చినయ్." కిటికీ మంచం మీద ఆరోహి పసుపు ఊలు దుప్పట్లో, ఎర్ర కుల్లాయిలో ముడుచుకుని ఉంది. "చూడక్కా ఎట్ల పండుకుందో. వచ్చినకాడి నుంచి ఒక్క పూటన్న గిట్ల పండుకుందా? దగ్గీ దగ్గీ నన్ను సంపింది. ఇప్పుడు చూడు, కుంభకర్ణుని చెల్లె!"

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"నేను కాగితాల కోసం కిందికి పోయిన. అవ్వను జర పాపను చూస్తుండుమన్న. వచ్చేసరికి గిట్లనే ఉంది. మావశి వచ్చి చేతికున్న సలైన్ సూది పీకింది. గదన్న ఎరుకైందా దీనికి? ఊహూ."

అత్తమ్మ మూట ముడి వేయడానికి సాయం పడుతూ, "పాలు తాపి పోరాదు బిడ్డా. బస్సుల ఏడుస్తది," అంది.

"లేపితే మల్ల పండుకోదవ్వా."

"లేపకు. పండుకోని," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే నేను. నా భయమంతా నా కొడుకుకే సరిపోయింది. ఇంకొకరి బిడ్డ దగ్గరికి వచ్చేసరికి నేనూ అందరిలాగే గొంతు తగ్గించాను.

"మీ ఆయన వస్తలేడా?" అత్తమ్మ అడిగింది.

"ఆవర్‌పూర్‌ల సిమెంటు పని గదవ్వా. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి పొద్దు గూకుతది. గంతసేపు ఈడ ఏం జేస్త? బస్సుల పోత." స్వరూప బిడ్డను భుజాన వేసుకుంది. ఆరోహి తల పక్కకు వాలిపోతే అరచేతితో ఎత్తి మెడ ఒంపులో పెట్టుకుంది. పోతూ పోతూ రిషి చేతిలో బిస్కెట్ల పుడా పెట్టింది. "మంచిగుండు రా అల్లుడా. అక్కా, మీ మంచం నాకు మంచిగ అచ్చొచ్చింది సూడు!"

అత్తమ్మ తల వంచుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

స్వరూప మెట్లు దిగిపోయాక, అత్తమ్మ లేచి కిటికీ మంచానికి కట్టిన మా అట్టను విప్పింది. "మన కాగితాలు మనకాడ ఉండాలె," అని తెచ్చి గోడ మంచానికి కట్టింది. స్వరూప కాగితాలు ఆమెతోనే పోయాయి. ఇప్పుడు వార్డులోకి వచ్చి చూసినవాళ్లకు మేం మొదటి నుంచీ గోడ పక్కనే ఉన్నట్టుంది. పైకి ఏ తేడా లేదు.

వైశాలి సిస్టర్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అలసిపోయి ఉంది. అయినా మా దగ్గర ఆగింది.

"రమా, బాళ పడుకున్నాడా?"

రిషి చెంచాతో మంచం ఇనుప కమ్మీని దంచుతున్నాడు. "ఏడ సిస్టర్! పొద్దటి నుంచి గిదే బ్యాండు," అన్నాను నవ్వుతూ. వాడు హుషారుగా ఉన్నాడని నాకు గర్వంగా కూడా ఉంది.

ఆమె నవ్వలేదు. వంగి రిషి కళ్లలోకి చూసింది. చెంచా తీసుకుంటే వాడు లాక్కున్నాడు. ఆమె నడుము నిటారుగా చేసి దివ్యను పిలిచింది.

"వీడికి ఫిట్స్ మందు ఇచ్చావా?"

"ఇచ్చాను సిస్టర్."

"మొత్తం?"

"మొత్తం. మీరు చెప్పినట్టే మెల్లమెల్లగా."

"ఆ మందు పడితే ఈ పాటికి తల వాల్చేయాలి. నేను నిన్న ఇచ్చినప్పుడు ఎత్తి కూర్చోబెట్టినా కూర్చోలేదు వీడు."

దివ్య రిషిని చూసింది. మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. మొదటిసారే మరి.

"దివ్యా, ఇటు చూడు," అంది సిస్టర్. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "మందు చెయ్యి జారి కింద పడితే పడిందని చెప్పు. భయమేసి ఇవ్వకపోతే ఇవ్వలేదని చెప్పు. నేను కొట్టను. ఇవ్వకుండా ఇచ్చానన్నావంటే మాత్రం నిన్ను పిల్లల దగ్గర ఒంటరిగా వదలమని నేను ఎప్పటికీ చెప్పను. వచ్చే నెల కాదు, వచ్చే ఏడు కాదు."

"ఇచ్చాను సిస్టర్! మా నాన్న మీద ఒట్టు." దివ్య మా అత్తమ్మ వైపు తిరిగింది, భాష మారిపోయింది. "అవ్వా, నువ్వు చెప్పు. నేను సూది తెచ్చినప్పుడు నువ్వు మంచం మీదనే కూసున్నవు గదా. గీ మంచం రమక్క వాళ్లదేనా అని అడిగిన. మాదే అన్నవు."

నేను రిషి చెంచా చేతిని పట్టుకుని ఆపాను.

అప్పుడు నేను వరండాలో ఉన్నాను. రిషి నా చంకలో ఉన్నాడు. గోడ మంచం ఖాళీగా ఉంది. మరి అత్తమ్మ ఏ మంచం మీద కూర్చుంది? ఎవరి బిడ్డకు కాపలా కూర్చుంది?

శాలువా కింద అత్తమ్మ చెయ్యి వచ్చి నా మణికట్టును పట్టుకుంది. గనిలో తట్టలు మోసిన చెయ్యి. గాజులు నా ఎముకకు ఒత్తుకున్నాయి.

"నాకేం తెల్వది," అంది అత్తమ్మ. "పొద్దటి నుంచి ఎందరో వస్తుండ్రు, ఏందేందో అడుగుతుండ్రు. పాలోడు అడుగుతడు, ఊడ్చేది అడుగుతది. మంచం మీదేనా అంటే మాదే అన్న. తప్పా?"

"ఏ మంచం అవ్వా?" అంది దివ్య. "నేను ఇచ్చేటప్పుడు నా చేతి మీద ఎండ పడుతుండె. గీడ ఎండ లేదు. కిటికీ కాడ ఉంది."

వైశాలి సిస్టర్ కిటికీ వైపు చూసింది, మా అట్ట వైపు చూసింది. "నిన్న మీరు కిటికీ దగ్గర ఉన్నట్టు నాకూ గుర్తు. కాదా ఆజీ?" అని, అవ్వను పిలిచినట్టు పిలిచి అత్తమ్మను అడిగింది.

"లేదు లేదు. వచ్చినకాడి నుంచి గిదే మంచం," అంది అత్తమ్మ. నా మణికట్టు మీద పట్టు ఇంకా బిగిసింది. నా వైపు చూడకుండానే, పెదవులు కదలకుండానే, "మంచాలు మార్చినమని తెలిస్తే బయటికి గెంటుతరు. పిల్లగాన్ని ఏడికి తీస్కపోతవు?" అంది.

ఇలాంటప్పుడు బయటి నుంచి చెప్పడం తేలిక. నోరు తెరిచి చెప్పేయొచ్చు కదా అంటారు. మీరు ఆ మంచం మీద కూర్చుని చూడండి. ఒక పక్క గోడ, ఒక పక్క అత్తమ్మ, ఒళ్లో రిషి, ఎదురుగా దివ్య కళ్లు. మంచం మార్చుకున్నామని చెబితే ఎందుకు మార్చుకున్నారని అడుగుతారు. పిల్ల పోయిన మంచమని తెలిసి ఇంకొకరి బిడ్డకు అంటగట్టామని చెప్పాలి. వార్డులో ఇంతమంది తల్లుల ముందు చెప్పాలి. ప్రశాంత్ సాయంత్రం వస్తాడు, వాళ్లమ్మ నోటి నుంచి ముందు వింటాడు. ఇంట్లో ఇక నేను పీల్చే గాలి కూడా ఆమె దయే.

వైశాలి సిస్టర్ నా ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. నా ముఖానికి సమంగా ఆమె ముఖం.

"రమా, విను. వీడికి ఇచ్చి ఉంటే నేను మళ్లీ ఇవ్వకూడదు. ఇస్తే ఊపిరికి ప్రమాదం. ఇవ్వకపోయి ఉంటే ఇప్పుడే ఇవ్వాలి. లేదంటే మళ్లీ ఫిట్స్ రావచ్చు. నాకు ఆ పిల్ల మాట తెలియదు, మీ అత్త మాట తెలియదు. తల్లివి నువ్వు. వీడు నీ చంక దిగాడా? వీడికి సూది పడిందా, లేదా?"

రిషి చెంచాను నా గడ్డానికి కొట్టి నవ్వాడు.

"పడలేదు," అన్నాను.

అది నిజమే. సగం నిజం. నా కొడుక్కి కావలసిన సగం.

వైశాలి సిస్టర్ లేచి దివ్య వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు, ఇంకేదో ఉంది. ఇన్నాళ్లు వెనక తిప్పుకున్న పిల్లను అక్కడే వదిలేసి రెండడుగులు ముందుకు పోయినట్టు ఉంది. "గౌను విప్పి ఆఫీసు గదిలో కూర్చో," అంది.

దివ్య కదల్లేదు. ఏడవలేదు కూడా. తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. ఎండ పడిన చోటును చూసుకుంది కాబోలు. తర్వాత నన్ను అడిగింది. గొంతులో నింద లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"అక్కా, నీ కొడుకుకు పడకపోతే, నా చేతిల మందు ఎవరికి పోయింది?"

నేను కిటికీ వైపు చూశాను. మావశి ఆ మంచం తుడవడానికి తడి గుడ్డ తెచ్చింది. దిండు మధ్యలో చిన్న గుంట ఇంకా అలాగే ఉంది. ఆరోహి తల పెట్టిన గుంట. సూది పీకినా ఎరుకకాని పిల్ల. మెడ నిలబడక తల్లి అరచేతితో ఎత్తి భుజాన పెట్టుకున్న పిల్ల.

"మంచాలు మార్చుకున్నం సిస్టర్," అన్నాను.

"నోర్ముయ్యి రమా!" అంది అత్తమ్మ.

"కిటికీ మంచం మాది. స్వరూపను అడిగి మార్చుకున్నం. మా అట్ట ఆడనే ఉండిపోయింది. అత్తమ్మ ఆ పిల్ల కాడ కూసుంది. సూది ఆరోహికి పడ్డది. ఆ పిల్ల పండుకోలేదు సిస్టర్, దానికి మత్తు ఎక్కింది. నేనే లేపకుమన్న. నేనే లేపకుమన్న."

రెండోసారి ఎందుకన్నానో నాకు తెలియదు. ఆపుకోలేకపోయాను.

దివ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చేతికి పేరు లేదు సిస్టర్. సూది కదలకుండా చేతికి కట్టే అట్టముక్క అప్పటికే విప్పేసి ఉంది, పేరు దాని మీదే ఉంటుంది. ఇంటికి పోయే పిల్లకు విప్పుతారని నాకు తట్టలేదు. పేరు అడగలేదు. మంచం అడిగాను. నేను మంచం అడిగాను."

నేను అనుకున్నట్టు ఎవరూ మమ్మల్ని గెంటలేదు. వైశాలి సిస్టర్ ఎందుకని కూడా అడగలేదు. "ఆ పిల్ల వీడికన్నా చిన్నది, తేలిక," అని తనలో తాను అనుకుని, "దివ్యా, పరుగెత్తు. గేటు, ఆటో స్టాండు, బస్టాండు. దొరికితే లేపుతూ తీసుకురా. పడుకోనివ్వొద్దు," అంది. దివ్య చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తింది. సిస్టర్ డాక్టరుకు ఫోను చేసింది. వార్డు రిజిస్టరులో స్వరూప పేరు పక్కన ఉన్న నంబరుకు చేసింది. అది ఆమె మొగుడి నంబరు. స్వరూప దగ్గర ఫోను లేదు. ఆయన ఫోను ఆగిపోయి ఉంది. డ్యూటీలోకి పోయేటప్పుడు ఫోను కట్టేస్తాడని స్వరూపే నాతో ఒకసారి చెప్పింది.

తర్వాత ఆమె రిషికి మందు తెచ్చింది. అంత హడావిడిలోనూ సూది దగ్గర పెట్టి ఆగి, నా కళ్లలోకి చూసి అడిగింది.

"బాళ పేరు?"

"రిషి."

వాడి చేతి మీది పేరు చదువుకుంది. అప్పుడు ఇచ్చింది. మెల్లగా, మెల్లగా. చెంచా వాడి చేతిలోంచి జారి మంచం మీద పడింది. తల నా మోచేతి మీద వాలిపోయింది. ఆ బరువు నాకు తెలుసు. కాసేపటి కింద ఆ బరువునే స్వరూప భుజాన వేసుకుని నవ్వుకుంటూ మెట్లు దిగింది.

"వీడిని వదిలి కదలొద్దు. ఊపిరి చూస్తూ ఉండు," అంది సిస్టర్. కదలాలన్నా ఎక్కడికి కదులుతాను? నా కాళ్లు ఆ బస్సు వెనక పరుగెత్తుతున్నాయి, ఒళ్లో వీడు. మణికట్టు మీద అత్తమ్మ గాజుల గుర్తులు ఎర్రగా ఉన్నాయి గానీ, చెయ్యి మాత్రం లేదు. ఎప్పుడు వదిలిందో గమనించలేదు. ఆమె లేచిపోయి కిటికీ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. మావశి జరగమన్నా జరగలేదు.

"నన్ను చూస్తుండుమని చెప్పి పోయింది ఆ పిల్ల," అంది. ఎవరితో అన్నదో తెలియదు. "జర పాపను చూస్తుండవ్వా అన్నది. నేను చూసుకుంటనే ఉన్న. నా కండ్ల ముంగటనే ఇచ్చిండ్రు. పోయేటప్పుడు ఇచ్చే సూదేమో అనుకున్న."

నేను ఆమెను ఓదార్చలేదు. తిట్టనూ లేదు.

దివ్య తిరిగి వచ్చింది. ఒక్కతే వచ్చింది. పాదాలకు మట్టి, జడ ఊడిపోయింది.

"పోయింది సిస్టర్. గోండ్‌పిప్రి బస్సు పోయింది. వేరుశెనగలు అమ్మే ఆమె చూసిందట. ఆకుపచ్చ చీర, పసుపు దుప్పటి, బిడ్డ మంచిగ పండుకుంది అన్నది." గోడకు ఆనుకుని జారి కూర్చుంది. "కండక్టరు నంబరు ఎవరూ ఇయ్యలేదు."

వైశాలి సిస్టర్ అప్పటికే గోండ్‌పిప్రి సర్కారు దవాఖానకు ఫోను చేసింది. వాళ్లు బస్టాండుకు మనిషిని పంపుతామన్నారు. కానీ స్వరూప ఊరు గోండ్‌పిప్రి కాదు. దాని అవతల ఏదో పల్లె. రిజిస్టరులో తాలూకా పేరే రాసి ఉంది. దారిలో ఏ మలుపు దగ్గర దిగుతుందో, దిగాక ఏ బండి ఎక్కుతుందో ఎవరికీ తెలియదు. రాత్రంతా పక్క పక్కన పడుకున్నాం. ఆమె ఊరి పేరు నేను అడగలేదు.

దివ్య గౌను గుండీ మీద చెయ్యి వేసింది. విప్పడానికి.

"ఉండనీ," అంది వైశాలి సిస్టర్. "నువ్వు పేరు అడగలేదు. అది నీ తప్పు, పైవాళ్లకు నేనే చెబుతాను. గుమ్మం దగ్గర ఉంటానని నేను లేను. అది కూడా చెబుతాను. నిన్ను ఉంచుతారో పంపుతారో నాకు తెలియదు. ఆ పిల్ల కళ్లు తెరిచిందని వినేదాకా నువ్వు నా వెనకే ఉండు. లే."

దివ్య లేచి ఆమె వెనక నిలబడింది. మళ్లీ నీడ అయింది. ఇద్దరూ ఫోను వంక చూస్తున్నారు. అది మోగడం లేదు.

కిటికీ ఎండ మంచం దిగి నేల మీదికి వచ్చింది. నేను రిషి ఛాతీ లేవడం, దిగడం చూస్తున్నాను. నేను లేచి పోలేను. దివ్య పోలేదు. అత్తమ్మ పోలేదు. ఈ వార్డులో ఆ పిల్లకు ఏం జరిగిందో తెలిసినవాళ్లం అందరం ఇక్కడే ఇరుక్కుపోయాం. తెలియని ఒక్కతి బిడ్డను ఒళ్లో వేసుకుని, బస్సు కుదుపులకు లేస్తుందేమోనని భయపడుతూ, కొంగు కప్పి జోకొడుతూ పోతోంది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. గోండ్‌పిప్రి దిక్కు ఉన్నవాళ్లు, ఆ దారి మలుపుల దగ్గర కొట్లు పెట్టుకున్నవాళ్లు, ఆ బస్సులోనే పక్క సీట్లో కూర్చున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒక చిన్న తల్లి కోసం చూడండి. చేతిలో బట్టల మూట, ఒళ్లో పసుపు దుప్పటి. పేరు స్వరూప. బిడ్డ పేరు ఆరోహి. ముందు పేరు అడగండి.

ఆమె నవ్వి, పాప మంచిగా పడుకుంది, లేపకండి అంటుంది. ఆ మాట ఆమెకు నేర్పింది నేనే. మీరు వినకండి. దుప్పటి తీయండి. ముక్కు దగ్గర వేలు పెట్టండి. అరికాళ్లు గిల్లండి.

ఏడిచేదాకా లేపి చూడండి.